కట్టడములలో సంధులు: పగులుకు ముందుగా చోటు చూపుట

వేసవిలో చెరువు ఎండిపోయినప్పుడు అడుగునున్న ఒండ్రుమట్టి నెర్రెలు విచ్చుట మనమందరము చూచినదే. తడిగా నున్నంత కాలము ఒకే పలకవలె నుండిన మట్టి ఆరుచున్న కొలది ముడుచుకొనజూచును. కాని దాని క్రింది నేల దానిని కదలనీయక పట్టియుంచును. ముడుచుకొనజూచు పై పొరకును, పట్టియుంచు క్రింది నేలకును జరుగు పెనుగులాటలో మట్టి తెగిపోవును. ఆ తెగిన చోటే నెర్రె. నెర్రెలు పడిన పిమ్మట ఒక్కొక్క పెళ్ల తన మట్టుకు తాను ముడుచుకొనును.

మన యిండ్లకును, పాఠశాలలకును, వీధులకును వాడు కాంక్రీటు చూచుటకు రాతివలె ఉన్నను, ఈ విషయమున చెరువు మట్టికి దగ్గరి చుట్టమే. అదియు ఆరును, ముడుచుకొనును, ఎండకు పెరుగును, చలికి తగ్గును. ఆ కదలికకు ఏర్పాటు చేయని యెడల కట్టడము తన యేర్పాటు తానే చేసికొనును, అనగా పగులును. ముందుగా ఆలోచించి చేయు ఏర్పాటుకే సంధి యని పేరు. గోడలోనో, నేలలోనో, కప్పులోనో కావలెనని విడిచిన గాడిని లేక ఖాళీని సంధి యందురు. చాలమంది దీనిని పనిలోని లోపముగా భావించి సిమెంటుతో పూడ్పించుచుందురు. అది ఎంత పొరపాటో ఈ వ్యాసము వలన తెలియగలదు.

కట్టడము ఎందుకు కదలును?

మొదటి కారణము ఉష్ణము. ఘనపదార్థములు వేడికి వ్యాకోచించునని విద్యార్థులు లోహపు గుండు, వలయము ప్రయోగములో చూచియుందురు. కాంక్రీటు వ్యాకోచ గుణకము సెల్సియస్ డిగ్రీ ఒక్కింటికి సుమారు లక్షలో ఒక వంతు. ఇది చాల స్వల్పముగా తోచవచ్చును. కాని లెక్క వేసి చూతము. 30 మీటర్ల పొడవుగల ఒక స్లాబు ఉష్ణోగ్రత 30 డిగ్రీలు మారినదనుకొందము. 30 మీటర్లనగా 30,000 మిల్లీమీటర్లు. దానిని లక్షచే భాగించి 30తో గుణించిన 9 మిల్లీమీటర్లు వచ్చును. తెలుగునాట వేసవి మధ్యాహ్నమున మిద్దెపై చెప్పులు లేక నిలువలేము. శీతకాలపు తెల్లవారుజామున అదే మిద్దె చల్లగా నుండును. కావున 30 డిగ్రీల మార్పు అనుట అతిశయోక్తి కాదు.

రెండవ కారణము తేమ. కాంక్రీటు కలుపునప్పుడు సిమెంటుతో రసాయనిక సంయోగమునకు కావలసిన దానికంటె హెచ్చు నీటిని పోయుదురు. లేనిచో అది మూసలలో సరిగా సర్దుకొనదు. ఈ మిగులు నీరు నెలల తరబడి ఆవిరియై పోవును. అది పోయిన కొలది కాంక్రీటు కుదించుకొనును. భారత ప్రమాణ సంస్థవారి 456వ నియమావళి, 2000 సంవత్సరపు ప్రతి, వేరు పరీక్షలు లేనప్పుడు ఈ కుదింపును పదివేలకు మూడు వంతులుగా తీసికొనవచ్చునని చెప్పుచున్నది. 30 మీటర్ల పొడవునకు ఇదియు 9 మిల్లీమీటర్లే. అనగా, ఆరుట వలన కలుగు కుదింపు 30 డిగ్రీలు చల్లబడుట వలన కలుగు సంకోచముతో సమానము. కొత్త కాంక్రీటు ఆరుచుండగా చలికాలము కూడ వచ్చిన యెడల ఈ రెండును కలిసి పని చేయును.

కాల్చిన మట్టి ఇటుక సంగతి ఇందుకు విరుద్ధము. బట్టీ నుండి వెలువడునప్పుడు దానిలో తేమ ఏమియు నుండదు. బయటికి వచ్చినది మొదలు అది గాలిలోని తేమను గ్రహించి మిక్కిలి మెల్లగా ఉబ్బును. ఈ ఉబ్బు మొదటి వారములలో వేగముగాను, తరువాత ఏండ్ల తరబడి మందముగాను సాగును. మరల వెనుకకు పోదు. కావున మట్టి ఇటుక గోడ కాలము గడచిన కొలది పెరుగజూచును. సిమెంటు దిమ్మెల గోడ తగ్గజూచును. ఈ భేదమును మరువరాదు. ఏ గోడకు ఏ సంధి కావలెనో దీనిని బట్టియే తేలును.

పగులునకు మూలము అడ్డగింపు

పెరుగుట గాని తగ్గుట గాని దానంతట అది పగులును కలిగింపదు. నున్నని గాజుపై నుంచిన కాంక్రీటు పలక ఎంత ముడుచుకొన్నను చెక్కుచెదరదు. రెండు కొనలను గట్టిగా బంధించినప్పుడే చిక్కు వచ్చును. కట్టడములో ఈ బంధము పునాది వలనను, స్తంభముల వలనను, ప్రక్క గోడల వలనను, నేల రాపిడి వలనను కలుగును.

ఈ బంధము పూర్ణముగా నున్నచో ఎంత బలము పుట్టునో చూడుడు. సామాన్యముగా ఇండ్లకు వాడు కాంక్రీటు యంగ్ గుణకము చదరపు మిల్లీమీటరుకు సుమారు 22,000 న్యూటన్లు. దీనిని పదివేలకు మూడు వంతుల వికృతితో గుణించిన 6.6 న్యూటన్ల ప్రతిబలము వచ్చును. అదే కాంక్రీటు నొక్కుడునకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల వరకు ఓర్చును గాని, లాగుడునకు సుమారు 3 న్యూటన్లకే తెగును. కాంక్రీటు నిరంతర భారము క్రింద కొంత మెల్లగా సాగుట వలన ఈ ప్రతిబలము కొంత తగ్గును. ఐనను ప్రమాదము తొలగిపోదు. ఒక చిన్న లెక్కలోనే కాంక్రీటు ఏల పగులునో తెలిసిపోయినది: నొక్కుడున వీరుడైన కాంక్రీటు లాగుడున దుర్బలుడు.

ఇనుప కడ్డీలు వేసితిమి గదా, ఇంక పగులు ఏల వచ్చునని కొందరు అడుగుదురు. కడ్డీలు పగులును ఆపవు, పంచిపెట్టును. ఒక్కచోట మూడు మిల్లీమీటర్లు విచ్చుకొనవలసిన పగులును కంటికి కనబడని అనేక సన్నని గీతలుగా చేయును. పై నియమావళి సాధారణముగా పగులు వెడల్పు 0.3 మిల్లీమీటరు మించరాదనియు, నిత్యము తేమ తగులు చోట 0.2 మిల్లీమీటరు మించరాదనియు విధించుచున్నది. దీనికి మించిన చీలికలోనికి నీరు, గాలి ప్రవేశించి కడ్డీలను తుప్పు పట్టించును. తుప్పు, తాను పుట్టిన ఇనుము కంటె రెట్టింపునకు పైగా చోటు ఆక్రమించి, కడ్డీ క్రింది కాంక్రీటును పెళ్లలుగా ఊడదీయును. పాఠశాల వరండాలలో కప్పు పెచ్చులు ఊడిపడుట అనేక సమయములలో ఇట్టి చిన్న పగులుతోనే ప్రారంభమగును. విద్యార్థుల తలలపై నుండు కప్పు విషయమున ఇది ఉపేక్షింపదగినది కాదు.

నియంత్రణ సంధి

ముడుచుకొను పదార్థమునకు చేయు ఏర్పాటు నియంత్రణ సంధి. దీనినే పనివారు కంట్రోల్ జాయింటు అందురు. దీని సూత్రము సులభము. కాగితమును మడిచి గీత పడునట్లు నొక్కి చింపినచో అది ఆ గీత వెంబడియే చినుగును. అట్లే కాంక్రీటు నేలలో కావలెనని ఒక గాడి కోసి ఆ చోటును బలహీనము చేయుదురు. పగులు పడక తప్పదు. కాని అది ఆ గాడి అడుగున, ఎవరికిని కనబడక, తిన్నగా పడును.

ఈ గాడి లోతు కాంక్రీటు మందములో నాలుగవ వంతుకు తక్కువ కాకూడదు. వంద మిల్లీమీటర్ల నేలకు పాతిక మిల్లీమీటర్ల గాడి కావలెను. పైపైన తాపీతో గీసిన గీత అందము కొరకే గాని ఉపయోగమునకు రాదు. గాడికి గాడికి గల దూరము మందమునకు 24 మొదలు 36 రెట్లలోపల ఉండుట వాడుక. అనగా వంద మిల్లీమీటర్ల నేలకు రెండున్నర మొదలు మూడున్నర మీటర్లు. గాళ్ల మధ్య గదులు వీలైనంత చదరముగా నుండవలెను. పొడవు వెడల్పునకు ఒకటిన్నర రెట్లు మించినచో మధ్యలో మరియొక పగులు తనంతట తానే పడును.

కాలము కూడ ముఖ్యమే. రంపముతో కోయువారు కాంక్రీటు అంచులు విరుగనంత గట్టిపడగనే కోయవలెను. అది సాధారణముగా పోసిన కొలది గంటలలోనే, మన వేసవిలో మరింత త్వరగా రావచ్చును. రేపు చూతములే అని వదలినచో రాత్రి చల్లబడగనే పగులు ముందుగా వచ్చి కూర్చుండును. మరునాటి గాడి వృథా.

పల్లెలలోని సిమెంటు రోడ్లు దీనికి మంచి పాఠ్యగ్రంథములు. గాళ్లు సకాలమున కోసిన వీధిలో ఒకే దూరమున తిన్నని గీతలు కనబడును. కోయని వీధిలో పగుళ్లు పాము నడకవలె వంకరగా పోవుచుండును. పగిలిన రెండు ముక్కలు ఒకదానితో నొకటి పొత్తు విడిపోవా యను సందేహము కలుగవచ్చును. గాడి క్రింది పగులు గరుకుగా నుండి, ఒక ప్రక్క కంకర రెండవ ప్రక్క గుంటలలో ఇరుకుకొని భారమును పంచుకొనును. బరువు బండ్లు తిరుగు పెద్ద రోడ్లలో ఇది చాలదు గనుక సంధికి అడ్డముగా నున్నని ఇనుప కడ్డీలుంచి, సగము భాగమునకు కాంక్రీటు అంటుకొనకుండ పూత పూయుదురు. అందుచే పలక ముందునకు వెనుకకు జరుగును గాని క్రిందికి మీదికి జరుగదు.

సిమెంటు దిమ్మెల గోడలకును ఈ సంధియే తగినది. గోడ ఎత్తు మారు చోటను, కిటికీ తలుపుల అంచులందును, స్తంభమును గోడయు కలియు చోటను బలములు కూడుకొనును. అక్కడ నిలువు సంధులు విడువవలెను.

వ్యాకోచ సంధి

పెరుగు పదార్థమునకు చేయు ఏర్పాటు వ్యాకోచ సంధి. ఇది గాడి కాదు. గోడను గాని కట్టడమును గాని ఒక వైపు నుండి మరియొక వైపునకు పూర్తిగా వేరుచేయు నిజమైన ఖాళీ. దీనిలో ఇటుక గాని, కడ్డీ గాని, సున్నము గాని అడ్డముగా నుండరాదు. నొక్కినచో నొక్కుడుపడు మెత్తని పదార్థమును లోపల నింపి, వాన నీరు చొరకుండ పైన సాగెడు గుణముగల లప్పమును పెట్టుదురు.

ఈ ఖాళీ ఎంత వెడల్పుండవలెను? కదలిక 5 మిల్లీమీటర్లైనచో 5 చాలునని అనుకొనరాదు. లప్పము తన వెడల్పులో నాలుగవ వంతు మాత్రమే సాగి కుంచుకొనగలదనుకొనిన, ఇటు 5 అటు 5 మిల్లీమీటర్ల కదలికకు 20 మిల్లీమీటర్ల ఖాళీ కావలెను. ఇంతే గాక లప్పము ఇరుప్రక్కల గోడలకు మాత్రమే అంటవలెను. అడుగున కూడ అంటినచో అది స్వేచ్ఛగా సాగలేక చిరిగిపోవును. అందుకొరకే దాని వెనుక ముందుగా ఒక మెత్తని త్రాటివంటి దానిని దూర్చుదురు.

45 మీటర్లు దాటిన కట్టడములలో సాధారణముగా ఒకటి గాని అంతకెక్కువ గాని వ్యాకోచ సంధులుండవలెనని పై నియమావళి చెప్పుచున్నది. పొడవు ఒక్కటే చాలదు. ఎల్ అక్షరము వలె మలుపు తిరిగిన భవనములో మలుపు వద్ద రెండు చేతులును రెండు వైపులకు లాగును. అట్టి చోట పొడవు తక్కువైనను సంధి ఆలోచింపవలసినదే.

భూకంపము వచ్చు ప్రాంతములలో ఈ ఖాళీకి మరియొక పని గలదు. ప్రక్క ప్రక్కనున్న రెండు భాగములు వేర్వేరుగా ఊగును. మధ్య చోటు చాలనిచో ఒకదానినొకటి ఢీకొనును. 1985లో మెక్సికో నగరమున వచ్చిన భూకంపములో ఇట్లు ఢీకొని అనేక భవనములు దెబ్బతిన్నవి. కావున అట్టి ప్రాంతములలో ఖాళీ వెడల్పును ఉష్ణోగ్రతను బట్టియే గాక, భవనముల ఊపును బట్టి కూడ లెక్కింపవలెను.

రెండు నిదర్శనములు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున బెల్‌ఫౌంటెన్ అను చిన్న పట్టణము కలదు. అక్కడ జార్జి బార్తలోమ్యూ అను నతడు 1891లో కాంక్రీటు వీధిలో ఒక భాగమును వేసెను. 1893లో కోర్టు వీధి మొదలైనవి కాంక్రీటుతో వేయబడినవి. ఆ కాంక్రీటును అతడు ఒకే పలకగా పోయక అయిదడుగుల చదరములుగా విభజించెను. ఆ వీధిలో కొంత భాగము ఇప్పటికిని నిలిచియున్నది.

తరువాతి కాలపు ఇంజనీర్లు రోడ్లలో వ్యాకోచ సంధులను అడుగడుగున పెట్టి చూచిరి. కాని ఆ ఖాళీలలో ఇసుక, రాళ్లు చేరి పూడిపోయినవి. ఆ ఖాళీల వైపు పలకలు జరుగుటచే నడుమనున్న నియంత్రణ సంధులు విచ్చుకొని బలము కోల్పోయినవి. కాంక్రీటు రోడ్డుకు మొదటి కుదింపే ముఖ్యమనియు, వ్యాకోచ సంధి వంతెనల వద్ద, ఇతర కట్టడములను తాకు చోట్ల మాత్రమే చాలుననియు అనుభవము నేర్పినది. ఐనను రాళ్లతో పూడిన సంధులుగల రోడ్డు మిక్కిలి ఎండలో ఒక్కసారిగా పైకి లేచి విరుగుట కద్దు. చోటు లేని వ్యాకోచము చేయు పని అది.

రెండవ నిదర్శనము కొలరాడో నదిపై 1933 జూన్ మొదలు 1935 మే వరకు కాంక్రీటు పోసి కట్టిన హూవర్ ఆనకట్ట. సిమెంటు నీటితో కలియునప్పుడు వేడి పుట్టును. అంత పెద్ద ముద్ద తనంతట తాను చల్లారుటకు వంద ఏండ్లకు పైగా పట్టుననియు, ఆ చల్లారుటలో అది పగులుననియు ఇంజనీర్లు లెక్కించిరి. అందుచే దానిని ఒక్క ముద్దగా పోయక, ప్రక్క ప్రక్కనే నిలిచిన దిమ్మెలుగా, ఒక్కొక్కసారి అయిదడుగుల ఎత్తున పోసిరి. లోపల అంగుళపు గొట్టములుంచి చల్లని నీటిని పారించిరి. ఆ గొట్టముల మొత్తము పొడవు 900 కిలోమీటర్లకు పైమాట. దిమ్మెలు చల్లబడి ముడుచుకొని వాటి నడుమ సంధులు విచ్చుకొనిన తరువాత, ఆ సందులలోనికి సిమెంటు పాలు ఎక్కించి ఆనకట్టను ఏకశిలగా చేసిరి. ఇక్కడ సంధిని పూడ్చుట తప్పు కాలేదు. కదలిక ముగిసిన పిమ్మటనే పూడ్చుట చేత అది ఒప్పయినది.

మిద్దె, గోడ, పిట్టగోడ

మన యిండ్లలో తరచుగా కనబడు పగులు స్లాబు క్రింద, గోడ పైవరుసలో, అడ్డముగా పోవు గీత. ఇటుక వ్యాకోచ గుణకము కాంక్రీటు గుణకములో సుమారు సగము. అంతే గాక ఎండ నేరుగా తగులునది స్లాబునకే. కావున స్లాబు ఎక్కువగా కదలి, తనకు అంటియున్న గోడ పైవరుసను ఈడ్చుకొనిపోవును. దీనికి విరుగుడు అతికించుట కాదు, విడదీయుట. గోడ పైభాగమును నున్నగా పూత పూసి, ఆరిన తరువాత తారు కాగితము పరచి, దానిపై స్లాబు పోసినచో స్లాబు గోడపై జారును గాని గోడను ఈడ్వదు. మిద్దెపై సున్నపు గచ్చు గాని తెల్లని పూత గాని వేసినచో వేడియే తగ్గును, కదలికయు తగ్గును.

పిట్టగోడకు రెండు వైపులను ఎండయే, పైన బరువు లేదు. పొడవైన పిట్టగోడలో నిలువు సంధులు విడువనిచో అది మూలలయందు స్లాబు అంచు దాటి బయటికి తోసికొనివచ్చును. క్రింద నడుచువారికి అది ప్రమాదకరము. స్లాబులో సంధి యున్న చోట పిట్టగోడలోను, నేల పలకలలోను, గోడ పూతలోను అదే గీతపై సంధి యుండవలెను. ఒక్క పొరలో దానిని మూసినను ఆ పొర చీలును.

పూర్వపు కట్టడములకు సంధులు లేవు గదా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. 1591లో కట్టిన చార్మినారులో మనము చెప్పుకొనిన సంధులు లేవు. కాని అది రాతితోను సున్నముతోను కట్టినది. సున్నపు అతుకు సిమెంటు అతుకు కంటె మెత్తన. గోడలోని కదలిక వేలకొలది అతుకులలో కొంచెము కొంచెముగా పంచుకొనబడును. పడిన సన్నని పగుళ్లలో సున్నము నీటితో కరగి మరల పేరుకొని తానే పూడుకొనుట కద్దు. పైగా అంత దళసరి గోడ లోపల వేసవికిని చలికాలమునకును భేదము స్వల్పము. ఒక విధముగా చూచిన ఆ కట్టడమున ప్రతి అతుకును ఒక చిన్న సంధియే. మనము గట్టి సిమెంటును, పలుచని గోడలను, పొడవైన స్లాబులను ఎన్నుకొంటిమి. వాటి బలమును అనుభవించువారు వాటి కదలికకు కూడ చోటియ్యవలెను.

ప్రతి పగులునకును సంధి మందు కాదని కూడ గుర్తుంచుకొనవలెను. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంగుట వలన పడు ఏటవాలు పగుళ్లు పునాది లోపమును సూచించును. వాటికి చికిత్స వేరు.

తరగతిలో చేయదగిన ప్రయోగము

మూడు వెడల్పైన పళ్లెములు తీసికొనుడు. మొదటి దాని అడుగున నూనె రాయుడు. మిగిలిన రెండింటి అడుగున జిగురుతో ముతక ఇసుక అంటింపుడు. మూడింటిలోను ఒకే మందమున మెత్తని చెరువు మట్టిని పరచుడు. మూడవ దానిలో చాకుతో నిలువుగాను, అడ్డముగాను గాళ్లు గీయుడు. నీడలో ఆరనిండు. మొదటి దానిలోని మట్టి అంచుల నుండి విడివడి ముడుచుకొనును, పగుళ్లు తక్కువ. రెండవ దానిలో ఇష్టము వచ్చినట్లు పగులును. మూడవ దానిలో చాల వరకు గాళ్ల వెంబడియే పగులును. అడ్డగింపు, పగులు, నియంత్రణ సంధి అను మూడు విషయములును ఒక్క బల్లపై కనబడును.

తరువాత విద్యార్థులను పాఠశాల చుట్టును త్రిప్పి, ప్రతి పగులు ఎక్కడ మొదలై ఎటు పోవుచున్నదో పటముగా గీయింపవచ్చును. పగులుకు ఇరువైపుల పెన్సిలుతో రెండు చుక్కలు పెట్టి, వాటి నడిమి దూరమును ఉదయమునను, మధ్యాహ్నమునను, తిరిగి శీతకాలమునను కొలిచినచో గోడ కదలిక అంకెలలో తెలియును. ఎక్కడనైన సంధిని సిమెంటుతో పూడ్చియున్నట్లు కనబడినచో దానిని పెద్దల దృష్టికి తెచ్చుట వారి విధి. ఆ ఖాళీలో ఏమియు లేనట్లే కనబడును. కాని అక్కడ చోటున్నంత కాలమే దాని ఇరుప్రక్కల గోడలు క్షేమముగా నుండును.